తెర వెనుక మూడడుగులు

టీచరమ్మ కనిపించకుండా పోయి పంతొమ్మిది గంటలు.

నిన్న సాయంత్రం నాలుగింటికి ఆవిడ స్టేషన్‌కి రావాలి. స్టేట్‌మెంట్ ఇవ్వాలి. రాలేదు. ఫోన్ స్విచాఫ్.

పోయిన నెల రోడ్డు దాటుతున్న ఒక నర్సును టీచరమ్మ వాళ్ళింటి కారు గుద్దేసింది. ఆమె అక్కడే చనిపోయింది. కారు నడిపింది తానేనని డ్రైవర్ ఒప్పుకుని జైల్లో కూర్చున్నాడు. ఆ కారు వెనక సీట్లో ఉన్న టీచరమ్మ మాత్రం నిన్న పొద్దున ఎస్సైకి ఫోన్ చేసింది.

"నడిపింది డ్రైవర్ కాదు మేడమ్. ఎవరు నడిపారో ఎదురుగా వచ్చి చెప్తాను."

ఇవాళ ఉదయం పదకొండింటికి ఎస్సై టీచరమ్మ ఇంటి తలుపు తట్టింది. పక్కన హెడ్ కానిస్టేబుల్. వెనక, ముఖం వేలాడేసుకుని హోమ్ థియేటర్ టెక్నీషియన్. నిన్న ఆ ఇంటికొచ్చిన బయటి మనిషి అతనొక్కడే. పొద్దున ఆరు నుంచి స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టారు.

తలుపు తీసింది టీచరమ్మ తమ్ముడు.

"రండి మేడమ్. అక్క సంగతి ఏమైనా తెలిసిందా? నాకైతే అన్నం సయించట్లేదు."

కాళ్ళ కింద నేల సన్నగా అదురుతోంది.

"లోపల ఏంటి?"

"సినిమా మేడమ్. మనసు బాగోలేక పెట్టుకున్నాను."

"అన్నం సయించదు గానీ సినిమా సయిస్తుందన్నమాట," హెడ్ గొణిగాడు.

థియేటర్ గదికి కిటికీ లేదు. గోడల నిండా నల్ల స్పాంజి. పరుపంత మందం తలుపు. అది మూసుకోగానే చెవుల్లో దూది కుక్కినట్టయింది. గోడలకు చెవులుంటాయంటారు. ఈ గోడలకు ఉన్న చెవులన్నీ పూడ్చేశారు.

ఎదురుగా గోడంత తెర. దాని ముందు, నేల మీద మూడు నల్లటి స్పీకర్లు. తెర మీద కార్ల ఛేజింగ్.

"ఆపేయనా మేడమ్?" తమ్ముడు రిమోట్ అందుకోబోయాడు.

"వద్దు. అది నాకివ్వండి."

ఎస్సై సోఫా మధ్యలో కూర్చుంది.

"అక్క ఎన్నింటికి బయల్దేరారు?"

"మూడున్నరకి. ఆటోలో."

"ఎవరు చూశారు?"

"నేనే."

"ఇంకెవరూ?"

"లేరు. ఇతను రెండింటికొచ్చాడు. స్పీకర్లు తెర ముందుకి మార్చి రెండున్నరకి వెళ్ళాడు. అక్కతో ఏదో గొడవ కూడా పడ్డాడు."

"నేనా?" టెక్నీషియన్ గొంతు లేచింది. "ప్రొజెక్టర్ ఫిల్టర్ దుమ్ము దులిపాను. మీ అక్కగారు టీ ఇచ్చారు, తాగి వెళ్ళాను. స్పీకర్ల మీద చెయ్యే వెయ్యలేదు మేడమ్!"

"దొరికిపోతే ఎవడైనా ఆ మాటే అంటాడు."

"ఇద్దరూ ఆగండి," అంది ఎస్సై.

ఆమె వెనక్కి వాలింది. సినిమా చూసింది. వాచీ ప్రకారం ఆరు నిమిషాలు. తమ్ముడు రెండుసార్లు నుదురు తుడుచుకున్నాడు. గదిలో ఏసీ చల్లగా ఉంది.

ఎస్సై సీన్ వెనక్కి తిప్పింది. ఎర్ర కారు దూసుకుపోయింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ.

"హెడ్ గారూ, కారు ఎటు పోయింది?"

"ఎడమ నుంచి కుడికి మేడమ్."

"కళ్ళు మూసుకోండి. ఇప్పుడు?"

హెడ్ కళ్ళు మూసుకుని విన్నాడు. నొసలు ముడిపడింది.

"కుడి నుంచి ఎడమకి. రివర్స్ గేరులో పోతోందేమో మేడమ్."

టెక్నీషియన్‌కి నవ్వు రాలేదు. చెంప మీద కొట్టినట్టయింది.

"ఎడమది కుడి పక్కన పెట్టారు! ఇరవై ఏళ్ళలో నేనెప్పుడూ ఈ తప్పు చెయ్యలేదు. మేం సోఫాలో కూర్చుని చూసుకుని పెడతాం. చూసేవాడి ఎడమే మాకు ఎడమ."

"పెట్టినవాడు సోఫాలో కూర్చోలేదు," అంది ఎస్సై. "తెర దగ్గర నిలబడి సోఫా వైపు తిరిగాడు. ఎడమ అని రాసున్నది తన ఎడమ చేతి వైపు పెట్టాడు. అంటే స్పీకర్లు తెర వైపు నుంచే వచ్చాయి."

ఆమె లేచి, తెరకు ఫోన్ లైటు ఆనించింది. తెల్లటి గుడ్డ నిండా సూది మొనంత చిల్లులు.

"ఇవెందుకు?"

"శబ్దం ఇవతలికి రావడానికి. బొమ్మ నోట్లోంచే మాట వచ్చినట్టుండాలి కదా మేడమ్. అందుకే స్పీకర్లు తెర వెనకే పెడతాం. నేనూ వెనకే పెట్టాను. మూడడుగుల చోటు..."

అతను తెర వైపు తిరిగాడు.

"ఆ చోటు నిన్న ఎవరో ఖాళీ చేశారు," ఎస్సై తమ్ముడి వైపు తిరిగింది. "లోపల ఏం పెట్టడానికి?"

తమ్ముడు తలుపు వైపు రెండడుగులు వేశాడు. అక్కడ హెడ్ అప్పటికే గుమ్మం నిండా నిలబడి ఉన్నాడు.

ఎస్సై సినిమా ఆపింది. తెర పక్కన నల్లగుడ్డ ప్యానెల్. నాలుగు స్క్రూలు. టెక్నీషియన్ నిమిషంలో విప్పేశాడు.

వేడి గాలి బయటికి కొట్టింది. లోపల గోడకు ఆనుకుని టీచరమ్మ. నోటికి టేపు. చేతులు, కాళ్ళు కట్టేసి ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి.

రెప్పలు కదిలాయి.

"అంబులెన్స్!" ఎస్సై అరిచింది.

"అక్కా!" తమ్ముడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "డ్రైవర్ కేసు కోర్టు వాయిదా అయ్యేదాకానే అనుకున్నానక్కా. నీ తమ్ముణ్ణి నేను. నిన్ను చంపుకుంటానా?"

హెడ్ అతన్ని రెక్క పట్టుకుని హాల్లోకి లాక్కెళ్ళాడు.

టేపు, కట్లు తీశాక, ఎస్సై పట్టిన గ్లాసులో టీచరమ్మ నాలుగు గుక్కలు తాగింది.

"చిల్లుల్లోంచి అంతా కనపడింది మేడమ్. వాడు సోఫాలో పడుకుని సినిమా చూశాడు. నా ముఖంలోకే చూస్తున్నట్టుండేది. నిద్రలో వాడి మీంచి దుప్పటి జారిపోయింది. ఒక్క క్షణం... అయ్యో, కప్పుదామనిపించింది నాకు."

"ముందు హాస్పిటల్‌కి పదండమ్మా. స్టేట్‌మెంట్ తర్వాత చూద్దాం."

టీచరమ్మ కదల్లేదు. ఎస్సై చెయ్యి గట్టిగా పట్టుకుంది. హాల్లోంచి 'అక్కా, అక్కా' అని ఏడుపు వినిపిస్తోంది.

"ఆ తలుపు వేసి, ఇక్కడే రాసుకోండి మేడమ్," అంది. "బయటికొచ్చి వాడి ముఖం చూశానంటే, మళ్ళీ అక్కనైపోతాను."