సాక్షి గదిలో మోత

“మూత పెట్టండి,” అంది భానుజ వైర్‌లెస్‌లో, గొంతు బాగా తగ్గించి. గొంతు తగ్గించడం ఆవిడ స్వభావం కాదు, సాక్షి గది నియమం. సొరంగం ముఖద్వారం దగ్గరున్న పల్లంరాజుకి అది “మోత పెట్టండి” అని వినిపించింది. పై అధికారి చెప్పాక ప్రశ్నించే అలవాటు ఆయనకు లేదు. గడ్డపార తీసి పెద్ద గొట్టాన్ని దబదబా బాదాడు.

గదిలో తొట్టె అడుగున ఎనిమిది పట్టుచిప్పలు టపటపా నోళ్ళు మూసుకున్నాయి.

“సాక్షులు నోరు మూశారు. మోతాదు వాయిదా,” అని గోడలోంచి పలికింది కేంద్రాన్ని నడిపే యంత్రం, జలపాలిక.

“ఏంటండీ పల్లంరాజు గారూ ఆ బాదుడు!”

“తమరే కదండీ పెట్టమన్నారు? ఇంకాస్త గట్టిగా పెట్టమంటారా, ఆయ్!”

“ఆపండి బాబూ!” అని ఆవిడ గుసగుసగా అరిచింది. గుసగుసగా అరవడం కొండ్రేవు ఎత్తిపోతల కేంద్రంలో కొత్తవాళ్ళకి మొట్టమొదట నేర్పే విద్య.

ఆ గదిలోకి ఎవరైనా చెప్పులు విప్పే రావాలి. భక్తితో కాదు, భయంతో. అడుగు చప్పుడైతే చాలు, చిప్ప మూసుకుంటుంది. ఒక్కో చిప్పకి వెంట్రుకంత తీగ అతికించి, సొరంగం నీళ్ళే పారే తొట్టెలో ఉంచారు. నోరు తెరిచిందంటే నీళ్ళు తాగుతోందని, విషం వదిలితే మింగుతుందని లెక్క. మూసుకుందంటే రోజుల తరబడి నిరాహారదీక్ష చెయ్యగలదు, ఎంత విషం పోసినా దండగ. అందుకే ఎనిమిది సాక్షులూ నోరు తెరిస్తే తప్ప జలపాలిక మోతాదు వదలదు. పొద్దుగూకేలోగా తెరవకపోతే విషం సంగతి వదిలేసి, సొరంగం తలుపులు దించి, నీళ్ళు తోడి ఎండబెడుతుంది. ఒకసారి దిగిన తలుపు పని పూర్తయ్యేదాకా లేవదు. మనుషులు కల్పించుకుంటే రాజకీయం కూడా కల్పించుకుంటుందని దానికి ఆపే మీట పెట్టలేదు.

పట్టుచిప్ప పట్టు చీరకి పనికొచ్చేది కాదు. ఆల్చిప్ప లాంటి ఈ పురుగు ఎక్కడి నుంచో ఇసుక పడవల అడుగున అంటుకుని వచ్చింది. దాని తేలుపిల్లలు కంటికి కనపడవు. నీళ్ళమీద తేలతాయే గాని కుట్టవు. గొట్టంలో చేరాక మాత్రం దారాలు తీసి గోడకి తమని తాము కుట్టేసుకుంటాయి. వాటిమీద ఇంకో పొర, దానిమీద ఇంకోటి. అవి వడకట్టి వడకట్టి నది నీటిని అద్దంలా చేశాయి. ఎండ అడుగుదాకా దిగి నాచు పెరిగింది, చేపకి మేత కరువైంది. నీళ్ళు ఎత్తిపొయ్యాల్సిన కేంద్రం చిప్పలు ఎత్తి పారబోసే కేంద్రమైంది. నగరానికి నీళ్ళు మోసే సొరంగంలో ఇప్పుడు మనిషి దూరేంత సందే మిగిలింది.

మధ్యాహ్నం నగర జలాధికారి నిరంజన్ తెర మీదకొచ్చాడు.

“ఇవాళ మైలతుత్తం పడాల్సిందే. పూర్తి మోతాదు. ఆ గదిలో ఈగ కూడా తిరక్కూడదు.”

“సర్, సొరంగం కడిగాక అది తిన్నగా దిగువ లంకల్లోకి పోతుంది. అక్కడి జనం ఆ నీళ్ళే తాగుతారు. చేపల బోన్లన్నీ ఆ పాయలోనే ఉన్నాయి.”

“జనానికి ట్యాంకర్లు పంపుతాం.”

“చేపలక్కూడానా? వారం ఎండబెడితే చిప్పలన్నీ మాడి రాలిపోతాయి సర్. నగరంలో తాగడానికి నిల్వ ఉంది కదా.”

“తాగడానికుంది. స్నానాలకో? వారం నల్లాలు కట్టేస్తే జనం నా మోకాలి చిప్పలు పగలగొడతారు.”

“మీ రెండు చిప్పల కోసం లంకలన్నీ చావాలా?”

“నోరు మూసుకోండి!” అన్నాడు నిరంజన్. తెర ఆరిపోయింది.

ఎండ వాలుతుండగా పల్లంరాజు చెప్పులు విప్పి, పిల్లిలా లోపలికొచ్చాడు. ఆయనది దిగువ లంకే.

“బోన్లు తీసెయ్యమని మావోళ్ళకి కబురెట్టమంటారా మేడమ్ గారూ?”

“తీసి చేపల్ని ఎక్కడ పెడతారు?”

“అదేనండి తెలవట్లేదు.”

తొట్టెలో ఒక చిప్ప సన్నగా నోరు తెరిచింది. తర్వాత ఇంకోటి. “సాక్షి ఐదు సిద్ధం. సాక్షి రెండు సిద్ధం,” అంటోంది జలపాలిక, పెళ్ళిపీటల మీద కూర్చోబెడుతున్నట్టు. పల్లంరాజు ఊపిరి కూడా మెల్లగా వదులుతున్నాడు. తన ఊరికి విషం పెట్టే గదిలో చప్పుడు కాకుండా చూసుకుంటున్నాడు, పాపం, అలవాటు కొద్దీ.

భానుజ అది చూసింది. లేచి గుమ్మం దాకా వెళ్ళి, బయటున్న ఇనుప నాడాల బూట్లు తొడుక్కుని, టకటకా నడుచుకుంటూ తిరిగొచ్చింది.

“మేడమ్ గారూ, బూట్లండీ!”

“తెలుసు. మీ సొరంగం ముఠా వాళ్ళందర్నీ రమ్మనండి. బూట్లతో రమ్మనండి. గడ్డపారలు, తట్టలు, ఏవుంటే అవి తెమ్మనండి. మోత పెట్టాలి!”

ఈసారి గుసగుస కాదు, గోడలదిరే కేక. సొరంగం ముఠా మొత్తం గదిలోకి జొరబడింది. తట్టలు మోగాయి. హైలెస్సా అని ఒకడందుకున్నాడు. ఇద్దరు తోడల్లుళ్ళు ఏనాటివో తగాదాలు అక్కడే తేల్చుకోవడం మొదలెట్టారు. చిప్పలన్నీ టపటపా మూసుకున్నాయి.

“శబ్దం నియమ విరుద్ధం,” అంది జలపాలిక.

“విరుద్ధమేనే, రాసుకో!” అంది భానుజ.

కిటికీలో వెలుగు ఆరింది. “సాక్షులు సహకరించలేదు. సొరంగం మూసి ఎండబెట్టబడును.” కింద ఎక్కడో ఇనుప తలుపులు గరగరమంటూ దిగాయి. ముఠాలో ఒకడు తట్ట గాల్లోకి ఎగరేశాడు.

తెర మీద నిరంజన్ ముఖం ఎర్రగా వెలిగింది. “ఏం జరుగుతోందక్కడ? ఒక్కొక్కళ్ళతో చిప్పకూడు తినిపిస్తాను!”

పల్లంరాజు చటుక్కున ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు. “తప్పు నాదేనండి బాబూ. నా చెవులే సరిగ్గా ఇనపడవు. పొద్దున మేడమ్ గారు మూత పెట్టమంటే మోత పెట్టమన్నారనుకుని గొట్టాన్ని బాదానండి. ఇప్పుడూ అలాగే...”

ఆ దారి పట్టుకుంటే ఆవిడ బయటపడొచ్చని అందరికీ అర్థమైంది.

“పొద్దున నేనన్నది మూతే సర్,” అంది భానుజ. “నీటి నమూనాలు తీసే బావికి మూత పెట్టమన్నాను. ఆయనకి మోత అని వినిపించింది. పొద్దున మోతాదు ఆగింది అందువల్లే.”

“మరి ఇప్పుడు?”

“ఇప్పుడు మోత అనే అన్నాను. ఆయన సరిగ్గానే విన్నారు.”