సిమెంటు లేని గోడ

“జనం ముందు ఈ గోడ కూలిందా, సిమెంటు లేకుండా కలిపిన మన మాలును ఇక ఎవడూ నమ్మడు. విదేశీ సిమెంటు ముఠాకి కావలసింది అదే. వాళ్ళ మనిషి మన ల్యాబ్‌లో ఉన్నాడు, పట్టుకో” అన్నాడు చీఫ్.

ఉక్కు కొలిమిలో మిగిలే చిట్టెం, బూడిద, క్షార ద్రావణం కలిపిన మాలుతో ల్యాబ్ ఆవరణలో రెండు గోడలు కట్టారు. ఒకటి లోడ్ టెస్ట్‌కి, రెండోది స్పేర్. రెంటికీ ప్లాస్టిక్ షీట్ చుట్టారు.

ఏజెంట్ డేగ మేస్త్రీ వేషంలో దిగాడు. తాపీ పిడిలో కెమెరా, పెట్టుడు మీసంలో మైక్. అసలే మేస్త్రీ కొడుకు, ఇక ఆ ధీమా చూడాలి! గోడ తడపాలన్న ఇంగితం కూడా ఈ చదువుకున్నవాళ్ళకు లేదని నవ్వుకుని, ఎవరూ రాకముందే రోజూ షీట్ విప్పి టెస్ట్ గోడకు నీళ్ళు కొట్టి, మళ్ళీ చుట్టేవాడు. అతని అనుమానమంతా నల్లకళ్ళద్దాల కెమిస్ట్ మీదే. అంత అందగత్తెకు చాటుమాటు ఫోన్లెందుకు?

టెస్ట్ రోజు షీట్ విప్పితే గోడంతా తెల్లటి ఉప్పు. గోటితో గీరితే మాలు పొడిపొడిగా రాలింది. డేగ ఆమెను గోడ వెనక్కి లాగి చెయ్యి పట్టుకున్నాడు.

ఆమె తొణక్కుండా డిపార్ట్‌మెంట్ కోడ్ చెప్పింది. డేగ పట్టు వదిలాడు.

“ముఠాలో మన మనిషిని నేనే, చీఫ్‌కి కూడా చెప్పకుండా పైవాళ్ళు పెట్టారు. గోడ చెడగొడతానని వాళ్ళకు మాటిచ్చి, వేలు కూడా పెట్టలేదు. మరి ఇదెలా జరిగింది?”

“నేను... రోజూ తడిపాను.”

“ఈ మాలుకి మొదట్లో నీళ్ళు తగలకూడదు మహానుభావా. క్షారం కొట్టుకుపోతుంది. ముఠా బాస్ తెల్లసూటు వేసుకుని ముందు వరసలోనే కూర్చున్నాడు, మీరు చేసిపెట్టిన తమాషా చూడ్డానికి.”

కంచే చేను మేసింది. సిగ్గుతో డేగకు ప్రాణం చచ్చిపోయింది. అటు బరువు మోపే జాకీ గోడ మీదికి దిగుతోంది. నోరు మూసుకుంటే అతని పరువు దక్కుతుంది, మాలు పరువు పోతుంది.

మీసం పీకేసి అతిథుల ముందుకొచ్చాడు.

“ఆపండి. ఈ గోడను చెడగొట్టింది నేను. తెలియక తడిపాను.”

ఎవరో కిసుక్కున నవ్వారు. ముందు వరసలో తెల్లసూటాయన మాత్రం మండిపడుతూ కెమిస్ట్ వైపు తిరిగాడు.

“మరి నువ్వు నా దగ్గర డబ్బెందుకు తీసుకున్నావ్?”

నోరు జారానని అతనికి తెలిసేలోగా బేడీలు పడ్డాయి. డేగ చెయ్యి పడని స్పేర్ గోడ మొత్తం లోడ్‌నీ మోసింది.

మెడల్‌కి సిఫారసు చేస్తానన్నాడు చీఫ్. డేగ మెడల్ వద్దనీ, ఆ పాడు గోడను తననే పడగొట్టనివ్వమనీ బతిమాలుకున్నాడు.

సమ్మెట తెచ్చుకున్నాడు. గోడ రెండు దెబ్బలకే కూలింది. కాస్త మొండికేసి ఉంటే తనకూ కొంచెం పరువు మిగిలేదని డేగ బాధపడ్డాడు.