సీలు వేసిన గదిలో పెట్టె

ల్యాబ్‌లో డిజైనర్ బల్ల మీదికి ఒరిగి చనిపోయి ఉన్నాడు. గుండెపోటు. బొటనవేలు ఎర్ర బటన్ మీదే ఉంది.

ఆపదలో నొక్కితే ఇంటికి ఫోన్ చేసే పెట్టె అది. ఆయన తయారుచేస్తున్నదే.

"కాల్ వెళ్ళింది సార్. వాళ్ళావిడే ఎత్తలేదు," అన్నాడు మేనేజర్, వచ్చిన ఇన్‌స్పెక్టర్‌తో.

ఆ మాట ఆమెను తినేస్తోంది. ఆ సమయానికి ఆమె స్నానాల గదిలో ఉంది. ఇంట్లోదేమో పాత ల్యాండ్‌లైన్, ఎవరు చేశారో చూపించదు. పైగా ఆయన పోయాక అది వేళాపాళా లేకుండా మోగుతోంది. ఎత్తితే అటువైపు ఎవరూ ఉండరు.

"ఆయనేనండీ. ఎందుకెత్తలేదని అడుగుతున్నారు," అంది ఇన్‌స్పెక్టర్‌తో.

ఇన్‌స్పెక్టర్ దయ్యాలను నమ్మడు. అయినా ఆ ఫోన్‌కు వీపు పెట్టి కూర్చోలేక కుర్చీ జరుపుకున్నాడు.

ఆఫీసులో అందరూ కళ్ళజోడు అని పిలిచే జూనియర్‌ను పట్టుకున్నాడు.

"ఆ కాల్స్ నువ్వేనా?"

"అయ్యో, కంప్యూటర్ సార్! పెట్టె ఎలా పనిచెయ్యాలో మేం బొమ్మ గీసిస్తే ప్రోగ్రాం అదే రాస్తుంది. రాసిన ప్రతిసారీ పక్కగది పెట్టె నుంచి ట్రయల్ కాల్ కొడుతుంది. మా సార్ పోయిన రోజే బొమ్మలో వాళ్ళింటి నంబర్ పెట్టారు."

"మరి ఆయన గదిలో పెట్టె?"

"ఆ గదికి మీరే సీలేశారుగా. పెట్టెలో ఇంకా ఆ రోజు ప్రోగ్రామే ఉంది."

ఇన్‌స్పెక్టర్ చటుక్కున లేచాడు.

సాయంత్రం మేనేజర్‌నూ కళ్ళజోడునూ ఆమె ఇంటికి రప్పించాడు. ల్యాబ్‌లో ఉన్న కానిస్టేబుల్‌కు సెల్‌లో చెప్పాడు.

"సీలు గదిలో బటన్ నొక్కు."

అందరూ ఫోన్ వైపే చూశారు. ఉలుకూ పలుకూ లేదు.

"మళ్ళీ నొక్కు."

లేదు.

"ఇప్పుడు పక్కగదిలో."

ఫోన్ గణగణమంది. ఆమె ఉలిక్కిపడి గోడకు ఆనుకుంది.

"బొమ్మలో నంబరుంది. ఆ రోజు ప్రోగ్రాంలో లేదు. కంప్యూటర్ తనంతట తాను వదిలెయ్యదు. చేత్తో తీసిందెవరు?"

మేనేజర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"కస్టమర్లొచ్చే రోజు సార్. కాల్ దగ్గర టెస్ట్ ఆగిపోతోంది. ఆ ముక్క తీసేస్తే పాసయింది. మర్నాడు కంప్యూటర్ బొమ్మ చూసి అంతా కొత్తగా రాస్తుంది, నంబర్ దానంతటదే వచ్చేస్తుందనుకున్నా..."

"వచ్చింది. ఆయన పోయాక. మీరేమో పాపం ఈవిడ నెత్తిన రుద్దారు."

ఆమె గోడ వదిలి ముందుకొచ్చింది.

"అయితే ఆ రోజు ఇది మోగనే లేదా?"

"మోగలేదమ్మా."

ఆమె బావురుమంది. కానిస్టేబుల్ ఇంకా నొక్కుతూనే ఉన్నాడు కాబోలు, ఫోన్ ఆగడం లేదు. ఆమె కళ్ళు తుడుచుకుని వెళ్ళి రిసీవర్ ఎత్తింది. అటువైపు ఎవరూ లేరని ఆమెకు తెలుసు.

"నేనిక్కడే ఉన్నానండీ," అంది.