అమ్మమ్మ నడకకు సరిపోయే బ్యాటరీ

మొదటి టేక్‌లోనే రిమోట్ కారు అమ్మమ్మను దాటేసి, కారిడార్ చివర చెత్తబుట్టను గుద్దుకుని పక్కకు ఒరిగిపోయింది. దాని వీపుకు కట్టిన చిన్న కెమెరా గోడను తీస్తూ ఉండిపోయింది.

"నేనడిగింది ఆవిడ పాదాల వెనక నడిచే కారండి," అంది కెమెరా అమ్మాయి. "రాకెట్ కాదు."

"ఇది మా క్లబ్బులో రేసులు గెలిచిన కారు," అన్నాడు రిమోట్ పట్టుకున్న అబ్బాయి.

"మా అమ్మమ్మ రేసులో లేదు."

వాకర్ పట్టుకుని నిలబడ్డ అమ్మమ్మకు మాత్రం నవ్వు ఆగడం లేదు. "దాన్నేమీ అనకే. ఇక్కడ అందరూ నన్ను దాటిపోయేవాళ్లే. అదొక్కటీ ఎందుకు ఊరుకుంటుంది?"

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక, అమ్మమ్మ ఈ ఫిజియోథెరపీ సెంటర్‌లో మళ్లీ నడక నేర్చుకుంటోంది. శనివారం వాకర్ లేకుండా కారిడార్ అంతా నడిపిస్తామని థెరపిస్ట్ చెప్పింది. ఆ నడకను పాదాల ఎత్తు నుంచి, మధ్యలో ఎక్కడా ఆపకుండా తీయాలని మనవరాలి పట్టు. ఇన్నాళ్లూ ప్రకటనలకు కెమెరా పట్టిన ఆమె సొంతంగా తీస్తున్న మొదటి చిత్రం అది. మనిషి వంగి వెనకాలే వస్తుంటే అమ్మమ్మ బెదిరి ఆగిపోతోంది. అందుకే రిమోట్ కారు.

కారు అతనిది. పనిరోజుల్లో ల్యాబ్‌లో కట్టుడు పళ్లు తయారుచేస్తాడు, సెలవొస్తే కార్లు పరిగెత్తిస్తాడు. ఆ సంగతి వినగానే అమ్మమ్మ అతనికి పళ్లబ్బాయి అని పేరు పెట్టేసింది.

మర్నాడు అతను వేరే బ్యాటరీ తెచ్చాడు.

"నిన్నటిది మూడు సెల్స్ లిథియం. తేలిక, పైగా బలమెక్కువ. రిమోట్ మీద ట్రిగ్గర్ ముట్టుకుంటే ఎగురుతుంది. ఇది పాత నికెల్ బ్యాటరీ. బరువుంటుంది, దూకుడు తక్కువ."

కారు బుద్ధిగా అమ్మమ్మ వెనక బయల్దేరింది. సగం దూరం బాగానే నడిచింది. తర్వాత వెనకబడింది. అతను ట్రిగ్గర్ ఎంత నొక్కినా ఈసురోమంటూ పాకి, వాటర్ ఫిల్టర్ దగ్గర ఆగిపోయింది.

"అలిసిపోయినట్టుంది పాపం," అంది అమ్మమ్మ వెనక్కి తిరిగి. "కుర్చీ వేయండి."

కెమెరా అమ్మాయి తిడుతుందనుకున్నాడు. ఆమె తిట్టలేదు. అతని పక్కనే నేల మీద కూర్చుని, చక్రానికి చుట్టుకున్న దారాన్ని ఓపిగ్గా లాగేసి, అతని వైపు ఒక్క క్షణం చూసి లేచిపోయింది. ఆ చూపులో జాలి ఉందా, ఇంకేమైనా ఉందా అన్నది ఇంటికెళ్లేదాకా అతనికి తేలలేదు.

సాయంత్రం ల్యాబ్‌లో ఉండగా ఫోన్ చేసింది. బయట వాన కురుస్తోంది.

"చాలా ఆలోచించానండి," అంది. "మొదట్లో దూకుడు చూపించి మధ్యలో నీరుగారిపోతే నావల్ల కాదు. నిదానమైనా పర్లేదు. చివరిదాకా ఒకేలా ఉండాలి. అంతకుమించి నాకేం ఆశల్లేవు."

అతను నునుపు చేస్తున్న పళ్ల సెట్టును మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"ఉంటానండి," అన్నాడు.

"ఏంటి?"

"నేనుంటాను. చివరిదాకా."



"నేను బ్యాటరీ గురించి చెప్తున్నాను," అంది ఆమె.

"నేనూ బ్యాటరీ గురించేనండి."

"బ్యాటరీ 'ఉంటాను' అంటుందా?"

అతను గబగబా అందుకున్నాడు. "రెండు సెల్స్ లిథియం పెడతాను. వోల్టేజీ తక్కువ కాబట్టి ఎగరదు. ఛార్జి చివరికొచ్చేదాకా బలం పెద్దగా తగ్గదు. మోటారుకు ఇంకా చిన్న పళ్లచక్రం వేస్తే ఎంత నెమ్మదిగానైనా కదులుతుంది."

"మళ్లీ పళ్లేనా," అని ఫోన్ పెట్టేసింది. నవ్వుతూ అందో విసుక్కుంటూ అందో వానలో తెలియలేదు.

శుక్రవారం రిహార్సల్‌లో కారు చెప్పినట్టు విన్నది. ఆమె మాత్రం లెన్స్ వైపే చూస్తూ మాట్లాడింది. పైగా కొత్తగా 'సర్' అనడం మొదలుపెట్టింది. అతను కాసేపు ఓర్చుకుని, రిమోట్ ఆమె చేతికివ్వబోయాడు.

"రేపు మీరే నడపండి. నేర్పించి వెళ్తాను."

"ఎందుకు, మీరు రారా?"

"వస్తే మీకు ఇబ్బందేమోనని. సర్ అంటున్నారుగా."

"మా షూటింగుల్లో బాగా నచ్చినవాళ్లనీ, అస్సలు నచ్చనివాళ్లనీ అలాగే పిలుస్తాం."

"నేనే రకం?"

అంతలో లోపల్నుంచి థెరపిస్ట్ పిలిచింది. ఆమె వెళ్లిపోయింది. రిమోట్ అతని చేతిలోనే ఉండిపోయింది.

శనివారం అమ్మమ్మ వాకర్‌ను పక్కకు జరిపి, గోడ వదిలి, అడుగు వేసింది. కారు జానెడు దూరంలో ఆమె మడమల వెనకే కదిలింది. కారిడార్ సగంలో అమ్మమ్మ తూలింది. థెరపిస్ట్ చెయ్యి చాపింది. అతను వేలు సడలించాడు. కారు చిన్న కుదుపు కూడా లేకుండా ఆగింది. అమ్మమ్మ వద్దన్నట్టు తల ఊపి, ఊపిరి తీసుకుని, మళ్లీ పాదం ఎత్తింది. అతను ట్రిగ్గర్‌ను వెంట్రుకవాసి నొక్కాడు. కారు కూడా అంతే నెమ్మదిగా కదిలింది.

అమ్మమ్మ కారిడార్ చివర కిటికీ ఊచ అందుకుంది. మానిటర్ చూస్తున్న మనవరాలి కళ్ల నిండా నీళ్లు. ఆమె చెయ్యి అతని చొక్కా మడతను గట్టిగా పట్టుకుని ఉంది. ఆ సంగతి ఆమెకు తెలుసో లేదోనని అతను మోచెయ్యి కదపకుండా నిలబడ్డాడు.

తర్వాత అతను బ్యాటరీ విప్పి, కారు సంచిలో పెట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చాడు. మళ్లీ వాన. ముడిచిన గొడుగు పట్టుకుని ఆమె వెనకే వచ్చింది.

"రేపు మీకు సెలవేగా?"

"అవునండి. షూటింగ్ ఇంకా ఉందా?"

"లేదు."

"వేరే బ్యాటరీతో ఇంకోసారి చూద్దామా?"

"అక్కర్లేదు. షాట్ బాగా వచ్చింది."

"మరి కారు..."

"కారు తేకండి. మీరు రండి." గొడుగు కొనను నేలకు నొక్కుతూ అడిగింది. "ఆ రోజు ఫోన్లో అన్నది బ్యాటరీ మాట కాదు కదా?"

"కాదండి," అన్నాడు అతను. "నా మాటే."

"మీ మాటేనని తెలిస్తే ఏం చెప్పాలి, బ్యాటరీ మాటేనంటే ఏం చెయ్యాలి అని రెండు రోజులుగా ఒకటే తికమక. అందుకే సర్ అన్నాను."

లోపల్నుంచి అమ్మమ్మ కేక వేసింది. "వాకర్ పళ్లబ్బాయి మోసుకొస్తాడు. నువ్వొచ్చి నా చెయ్యి పట్టుకోవే. పదండి, ముగ్గురం ఇంటికెళ్దాం."

అతను సంచి భుజానికి తగిలించుకుని వాకర్ కోసం లోపలికి నడిచాడు.