సరే అనే ముందు

"మళ్ళీ సరే అన్నావా?"

శ్రీసిటీ నుంచి తిరుపతికి వెళ్ళే కంపెనీ బస్సు కదలగానే కృపామణి అడిగింది. పక్క సీట్లో దయానంద్ వాన చూస్తున్నట్టు నటించాడు.

"ఆదివారం ఫ్యాక్టరీలో కొత్త మెషిన్ల లైన్ ట్రయల్ అంట. మేనేజర్ అడిగినాడు. నోటికొచ్చేసింది మణీ."

"ఆదివారం మా నాయన నిన్ను సూసేదానికి చిత్తూరు నుంచి వస్తా ఉండాడు. తెలుసు గదా?"

తెలుసు. వారంగా అదే ధ్యాస. అయినా ఎవరు పని చెప్పినా బుర్ర కంటే ముందు అతని నోరు పరిగెడుతుంది. పోయిన నెల కొత్తవాళ్ళ ట్రైనింగ్ ఇలాగే నెత్తికెత్తుకుని, మణి నాన్న ప్రయాణం మాన్పించాడు.

"లేదనేదానికి మొహమాటం..."

"నా బాధ అది కాదు. పెళ్ళి చేసుకుందామా అని నేనడిగితే, టక్కున సరే అన్నావు. ఎంత మురిసిపోయినానో! ఇప్పుడు సూస్తే మేనేజర్‌కు చెప్పిందీ, నాకు చెప్పిందీ ఒకటే సరే మాదిరి ఉండాది."

ఆమె కళ్ళలో నీళ్ళు. దయానంద్ వాటర్ బాటిల్ మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. ఎటు తిరిగినా కుదురు లేదు.

అంతలో ఫోన్. మేనేజరే.

"దయా, ట్రయల్ అయ్యాక ఆ లైన్ మొత్తం నువ్వే చూసుకోవాలి. సరేనా?"

పెదవుల దాకా వచ్చిన మాటను దయానంద్ మింగేశాడు.

"హలో? ఉన్నావా?"

"ఉండాను సార్. ఆలోచిస్తా ఉండాను."

"ఇందులో ఆలోచించేదేముంది?"

"లైన్ సంగతి సోమవారం చెప్తాను సార్. ఆదివారం మాత్రం రాలేను. ఇందాక తొందరపడి ఒప్పుకున్నాను, తప్పు నాదే."

"సోమవారం పొద్దున్నే చెప్పు" అని మేనేజర్ పెట్టేశాడు.

"కోప్పడినాడా?"

"ఏమో. నాకైతే చెమటలు పడతా ఉండాయి."

కృపామణికి నవ్వొచ్చింది. కళ్ళు తుడుచుకుంది.

"మణీ, ఆ పొద్దు అడిగింది మళ్ళీ అడుగు."

"నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

దయానంద్ పలకలేదు. ఆమె కోపం, ఆమె వండే ఉప్పెక్కువైన పప్పు, ఆమె ఎక్కని రోజు బోసిపోయే ఈ బస్సు, అన్నీ నింపాదిగా తలుచుకున్నాడు. బస్సు రేణిగుంట దాటింది. ఈసారి కుదురు లేనిది ఆమెకే.

"ఏమబ్బా, పలకవే? ప్రాణం పోతా ఉండాది నాకు!"

"చేసుకుంటాను" అన్నాడు దయానంద్, ఆమె చెయ్యి పట్టుకుని. "బాగా ఆలోచించే చెప్తా ఉండాను."