వీరరాఘవమ్మగారి బంగ్లా – సూరి బావ జపాన్ కత్తి

నేరేడ్‌మెట్‌లో వీరరాఘవమ్మగారి బంగ్లా ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ నడిచేవారు కాదు. ఆటోవాళ్ళు కూడా సందు మొదట్లోనే దింపేసి, "ఇక్కడికెంచి జెర నడువుండ్రి సార్" అని బండి తిప్పుకునేవారు.

ఆవిడ పోయి మూడేళ్ళు. వారసులు కోర్టుకెక్కారు. గేటుకి గొలుసు, గొలుసుకి తాళం, తాళానికి తుప్పు. కరెంటు కూడా తీసేశారు. అయినా రాత్రిపూట కిటికీల వెనకాల ఓ చిన్న వెలుగు ఈ గదిలోంచి ఆ గదిలోకి నడిచేదట. దానికన్నా ఘోరం ఇంకోటి – రాత్రి తొమ్మిదింటికి, మనిషన్నవాడు లేని ఆ ఇంట్లోంచి... పోపు వాసన వచ్చేది.

ఇంగువతో సహా.

దెయ్యానికి ఇంగువెందుకని ఎవరూ అడగలేదు. భయం అలాంటిది.

ఇది మా సూరి బావకి జరిగిన సంగతి. సగం బావ చెప్పాడు. బావ దాచిన సగం కల్పలతక్క చెప్పింది.

బావది బొబ్బిలి. కంప్యూటర్ కోర్సు చేసినవాడికల్లా ఉద్యోగాలొస్తున్న రోజుల్లో సికింద్రాబాద్ వచ్చాడు. ఉద్యోగం దొరికింది. అదే ఆఫీసులో అల్వాల్ పిల్ల కల్పలతక్కా దొరికింది. పెళ్ళయ్యాక నేరేడ్‌మెట్‌లో నాలుగో అంతస్తులో ఫ్లాట్ తీసుకున్నారు.

బావ పనిచేసేది ఓ జపాన్ కంపెనీ ప్రాజెక్టు మీద. నన్ను పంపిస్తారు, నన్నే పంపిస్తారని ఆర్నెల్లు పొద్దున్నే లేచి జపాన్ భాష నేర్చుకున్నాడు. స్వెటర్ కొనుక్కున్నాడు. చివరికి పక్క సీటతన్ని పంపించారు.

ఆ బెంగ ఎవరికీ చెప్పలేదు. తను జపాన్ వెళ్ళకపోతే పోనీ, జపాన్‌నే తెచ్చి హాల్లో గోడకి తగిలించుకుందామనుకున్నాడు. సమురాయ్ కత్తి.

"కత్తా? గోడకా?" అంది అక్క. "దొండకాయలు తరగనీకి వస్తదా?"

"అది అందానికి లతా."

"అందానికైతే పూలకుండీ తెచ్చుకో."

బావ వినలేదు. ఓ శనివారం సాయంత్రం రాంగోపాల్‌పేట్‌లో పాత సామాన్ల దుకాణానికి వెళ్ళాడు. ఇత్తడి గంటలు, ఆగిపోయిన గోడగడియారాల మధ్య నుంచి యజమాని మధుసూదన్ ఓ పొడుగాటి పెట్టె తీశాడు. నల్లటి ఒర, నల్లదారం అల్లిన పిడి. కత్తి దూస్తే అద్దంలా మెరిసింది.

"అసలుదైతే మన తాహతు కాదు సార్. ఇది షోకు. పదును లేదు. ఇంట్ల పిల్లలున్నా ఫికర్ లేదు. పన్నెండొందలు."

బావ బేరమాడలేదు. సమురాయ్‌లు బేరమాడరని ఎక్కడో చదివాడట.

పెట్టె మాత్రం ఇవ్వనన్నాడు మధుసూదన్. కత్తిని న్యూస్‌పేపర్లలో చుట్టి ఇచ్చాడు. బస్సులో కండక్టరు అడిగాడు.

"ఏందది?"

"కర్టెన్ రాడ్."

"గింత వంకరుంది?"

బావ కిటికీలోంచి బయటికి చూశాడు.

నేరేడ్‌మెట్‌లో దిగేసరికి తొమ్మిది కావస్తోంది. పెద్దరోడ్డున వెళితే ఇరవై నిమిషాలు. బంగ్లా సందులోంచి ఏడు. చేతిలో కత్తి ఉన్నవాడికి భయమేటి – అనుకుని సందులోకి తిరిగాడు.

సగం దూరం వెళ్ళాడు... కరెంటు పోయింది.

వీధంతా ఒక్కసారి నల్లబడింది. ఎక్కడో కుక్క మొరిగి, మధ్యలోనే ఆపేసింది. బావ గోడ పట్టుకుని నడిచాడు. చేతికి తగులుతున్నది బంగ్లా ప్రహరీగోడ అని తెలుస్తూనే ఉంది. నడక పెంచాడు. చంకలో పేపర్లు జారాయి... దారం తెగింది... ఒరలోంచి కత్తి సగం బయటికొచ్చింది.

సరిచేసుకుందామని ఆగాడు.

అప్పుడొచ్చింది – ఇంగువ వాసన.

ఆ వెంటనే, గోడలోంచి, అతి మెల్లగా...

"తెచ్చినవా?"

బావ ఊపిరి బిగబట్టాడు.

"కత్తి... తెచ్చినవా?"

ఆడగొంతు. గోడకి అక్కడ మనిషి పట్టేంత కంత ఉంది. కంత అవతల చీకటి తప్ప ఏమీ లేదు.

నేనైతే కేకేసేవాణ్ణి. మీరైతే పరిగెత్తేవారు. మా బావ చిన్నప్పట్నుంచీ అడిగినదానికి జవాబు చెప్పే మనిషి.

"తె... తెచ్చాను," అన్నాడు.

"గట్లనా. ఇటియ్యి."

కంతలోంచి ఓ చెయ్యి బయటికొచ్చింది. ఎండిన చెయ్యి. మణికట్టు మీద రెండు మట్టిగాజులు.

బావ ఒర లాగేసి, కత్తి పిడి ఆ చేతిలో పెట్టాడు. పెట్టి, పరిగెత్తాడు.

నాలుగంతస్తుల మెట్లు ఎలా ఎక్కాడో తెలీదు. తలుపు తీసేసరికి కల్పలతక్క కొవ్వొత్తి పట్టుకుని నిలబడి ఉంది. ఎదురుగా మొగుడు – చేతిలో ఖాళీ ఒర.

"కత్తేదీ?"

"ఇచ్చేశాను."

"ఎవరికి?"

"బంగ్లాలో... ఆవిడ అడిగింది."

అక్క కొవ్వొత్తి కింద పెట్టింది. "దెయ్యం అడిగిందని కత్తి ఇచ్చొచ్చినవా? అదేమన్నా ఊకుంటదా ఇగ? మొత్తం కాలనీకి తక్లీఫ్." టార్చి తీసి చెప్పులేసుకుంది. "నడువు."

"పొద్దున్నే వెళ్దాం లతా."

"పొద్దుగాల దెయ్యాలుండయి. ఎవల్నడుగుతవ్?"

ఆమె ముందు, ఆయన వెనక. బంగ్లా దగ్గరికి రాగానే అక్క టార్చి ఆర్పింది. లోపల్నుంచి... మూలుగు. సన్నగా, ఆగి ఆగి.

ఇది చెప్తున్నప్పుడు అక్క కూడా ఒప్పుకుంది. "అబద్ధమెందుకు, నాకు సుత భయమైంది," అంది. అయినా కంతలో దూరింది. బావ కళ్ళు మూసుకుని ఆవిడ చున్నీ పట్టుకున్నాడు.

టార్చి వేసింది.

మందారచెట్టు కింద ఓ ముసలామె కూలబడి ఉంది. ఆమెకి అడ్డంగా బక్కపల్చటి ముసలాయన, సమురాయ్ కత్తి రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. మూలుగుతున్నది ఆయనే.

"మేం పోతమమ్మా," అన్నాడు. "పొద్దుగాల్నే ఖాళీ చేస్తం. ముసల్దాన్నేం అనకుండ్రి. దానికి దమ్ము రోగం."

టార్చి వెలుగు నేలకి దించేసింది అక్క.

ఆయన పేరు సోమయ్య. ఆమె కమలాబాయి. వీరరాఘవమ్మగారి దగ్గర నలభై ఏళ్ళు, ఈయన కారు నడిపాడు, ఈమె వంట చేసింది. ఆవిడ ఆస్పత్రికి వెళ్తూ, "నేనొచ్చేదాకా ఇల్లు జాగ్రత్త" అని చెప్పి వెళ్ళింది. రాలేదు. వారసులు తాళాలేశారు. పోవడానికి చోటు లేక వీళ్ళు వెనక వంటగదిలోనే ఉండిపోయారు. ఉన్నారని తెలిస్తే వెళ్ళగొడతారు. అందుకే పగలు పొయ్యి వెలిగించరు. గట్టిగా మాట్లాడుకోరు. రాత్రి మాత్రం, ఆవిడ చెప్పిన మాట ప్రకారం, సోమయ్య లాంతరు పట్టుకుని గదులన్నీ ఓసారి చూసొస్తాడు.

"దయ్యమన్నది మేం పుట్టించలే బిడ్డా," అంది కమలాబాయి, ఇంకా ఊపిరందక. "లోకమే అన్నది. కాదని చెప్పనీకి మేం ఎట్ల బయటికొస్తం?"

ఆ రోజు వాళ్ళ కూరగాయల కత్తికి పిడి ఊడిందట. సోమయ్య కొత్తది కొనుక్కురావడానికి వెళ్ళాడు. చీకట్లో గోడవతల అడుగుల చప్పుడు వినపడితే, ఆయనే అనుకుని అడిగింది. చెయ్యి చాపితే... జానెడు కత్తి రావలసిన చోట మూడడుగుల కత్తొచ్చింది.

"ఇల్లు కొనేటోళ్ళు గూండాని తోలిన్రనుకున్న," అంది. "మళ్ళ అనుకున్న, గూండా అయితే కత్తి నాకెందుకిస్తడు?"

బావ ఆమె ముందు కూర్చున్నాడు. "తప్పయిపోయింది పెద్దమ్మా. నాను భయపడ్డాను. నువ్వూ భయపడతావని తెలీలేదు."

ఆ రాత్రి అక్కడే తిన్నారు. దోసకాయ పప్పు. దోసకాయ సోమయ్య తెచ్చిన కొత్త కత్తితోనే తరిగారు. బావ కత్తితో అక్క ముందు ప్రయత్నించింది గానీ తొక్క మీద గీత కూడా పడలేదు.

వచ్చేటప్పుడు సోమయ్య కత్తిని రెండు చేతుల్లో పెట్టుకుని, కొంచెం వంగి అందించాడు. బావ ఆఫీసుకొచ్చిన జపాన్ పెద్దమనిషి కూడా అచ్చం అలాగే వంగి కార్డు ఇచ్చాడట. బావ కత్తి తీసుకోలేదు. మర్నాడు ఒర కూడా తెచ్చిచ్చాడు. "మీ దగ్గరే ఉండనీ తాతా. వారానికోసారి కొబ్బరినూనె రాసి తుడవండి, తుప్పు పట్టకుండా."

ఆ తర్వాత ప్రతి శనివారం సాయంత్రం బావా అక్కా ఓ సంచి నిండా కూరలు, కమలాబాయి మందులు పట్టుకుని కంతలోంచి వెళ్ళేవారు. వాళ్ళొచ్చే వేళకి సోమయ్య కత్తికి నూనె పట్టించి సిద్ధంగా కూర్చునేవాడు.

కేసు తేలడానికి ఇంకో నాలుగేళ్ళు పట్టింది. వాటా దక్కిన వారసుడు రామభద్రరావు ఇల్లు అమ్మకుండా తనే వచ్చి చేరాడు. చిన్నప్పుడు కమలాబాయి చేతి అన్నం తిన్నవాడు. వాళ్ళని పొమ్మనలేదు.

మరి నాలుగేళ్ళూ ఆ ఇల్లు ఎవరూ ఎందుకు కొనలేదంటే – కొనడానికి వచ్చారు. ఒక్కసారే.

ఓ శనివారం, వెలుగు పోయే వేళ, బ్రోకర్ యేసుదాసు ఇద్దరు పార్టీలని తీసుకుని గేటు తాళం తీయించాడు. గేటు చప్పుడుకి సోమయ్య, సూరి బావే వచ్చాడనుకుని సంతోషంగా బయటికొచ్చాడు. తెల్లపంచె, తెల్లగడ్డం. ఒక చేతిలో లాంతరు. ఇంకో చేతిలో నూనె నిగనిగలాడే కత్తి.

పార్టీలు కారు తలుపులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయారు. యేసుదాసు చెప్పులు గేటు దగ్గరే ఉండిపోయాయి.

మొన్నీమధ్య ఓ చాయ్ హోటల్లో ఆయన ఇదే కథ చెప్తుంటే నేను పక్క బల్ల మీద కూర్చుని విన్నాను.

"కత్తి చూసి ఉరకలేదన్నా నేను," అంటున్నాడు. "దయ్యమన్నంక కత్తో కొడవలో పడతది. గానీ అది నా దిక్కు జూసి నవ్వింది. నవ్వి, 'లోపలికి రా సారూ... చాయ్ల అల్లం ఎయ్యమంటవా?' అన్నది జూడు – గప్పుడు ఉరికిన."