‘పనికిరానివి’ ఫోల్డర్

లోకంలో మొగుళ్ళంతా వస్తువులు పోగొట్టుకుని పెళ్ళాల్ని వెతికిపెట్టమంటారు. ఆవిడ మొగుడు అలాంటివారు కాదు. ఇంట్లో ఉన్న వస్తువుల్ని తనే పోగొట్టి, ఆవిడ వెతుక్కుంటూ ఉంటే "ఏం పోయింది?" అని అమాయకంగా అడిగే రకం. సగం తాగిన కాఫీ కప్పు బల్ల మీద పెట్టి ఆవిడ ఫోనెత్తిందంటే, ఫోన్ పెట్టేసరికి ఆ కప్పు కడిగి బోర్లించి ఉంటుంది. ఇదేమిటండీ అంటే, "చల్లారిపోయిందిగా, ఇంకేం తాగుతావ్?" అంటారు.

ఆయనది గోదాములో సరుకు లెక్క చూసే ఉద్యోగం. కదలని సరుకుని ఉంచుకోవడం మహాపాపమని అక్కడ నేర్చుకున్నారు. నేర్చుకున్న పుణ్యాన్ని ఇంటికి కూడా మోసుకొచ్చారు. కూతురు ఆయనకి ‘శుభ్రంగారు’ అని పేరు పెట్టింది. "అమ్మా, నువ్వు అటూ ఇటూ తిరుగుతూ ఉండు. ఒకేచోట ఎక్కువసేపు కూర్చున్నావో, నాన్న నిన్ను కూడా తీసేస్తారు" అని ఆటపట్టించేది.

ఆ పిల్ల ఉద్యోగమని వేరే ఊరు వెళ్ళాక ఇంట్లో నవ్వులు తగ్గి శుభ్రం పెరిగింది. ఆవిడ ఒక్కర్తీ తిరిగితే ఇల్లెంత మాసిపోతుంది? ఊడ్చిన గదే ఊడ్చి, తుడిచిన బల్లే తుడిచి, మధ్యాహ్నానికల్లా పనులైపోయేవి. అప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని, ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు ఊలు అల్లడమూ, పాత కుర్చీలకి రంగు వెయ్యడమూ చూసేది. ఆవిడకి ఊలూ అక్కర్లేదు, రంగూ అక్కర్లేదు. వాళ్ళు చేతులాడిస్తూ కబుర్లు చెబుతారు, అదీ కావలసింది.

అమ్మాయి వెళ్ళిన కొత్తల్లోనే ఆయన ఇంటర్నెట్ పెట్టె వంక చూసి, "వాడే మనిషి వెళ్ళిపోయిందిగా, ఇంకా ఇదెందుకు దండగ? ఫోన్ చేసి తీయించెయ్" అన్నారు. వాడే మనిషి ఇంకొకరున్నారని ఆవిడ అనలేదు. కంపెనీకి ఫోన్ చేసి తీయించేసింది. ఆర్పిన దీపంలాగా మిగిలిన ఆ పెట్టెని ఆయన వారం తిరక్కుండా బయట పారేశారు. కథ అక్కడితో ముగియాలి. కానీ కంపెనీ వాళ్ళు ముగించలేదు.

ఒక సెలవు రోజు పొద్దున, టిఫిను తింటున్న ఆయన చేతికి ఒక కవరొచ్చింది. చదివి చెయ్యి కడిగేసుకున్నారు.

"ఇంటర్నెట్ తీయించేశానన్నావ్?"

"తీయించేశాను."

"మరి నెల నెలా బిల్లు పడుతూనే ఉందట. దాని మీద ఆలస్యమైందని జరిమానా. కట్టకపోతే వసూలు చేసేవాళ్ళని పంపిస్తారట. ఎందుకు పడింది?"

"నన్నడిగితే? నేనేమన్నా ఆ కంపెనీ యజమానినా?"

ఆయన కంపెనీకి ఫోన్ కలిపారు. పాట విన్నారు. ఆ అంకె ఈ అంకె నొక్కారు. మళ్ళీ పాట విన్నారు. చివరికి మనిషి గొంతు పలికేసరికి ఆయన గొంతులో ఎక్కడలేని మర్యాద వచ్చింది.

"చేశాననే అంటోందండీ మా ఆవిడ... లేదండీ, ఆవిడకి వీటి గురించి పెద్దగా తెలీదు. చేద్దామనుకుని మర్చిపోయుంటుంది."

ప్లేటు తీయబోయిన ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఆవిణ్ణి విసుక్కున్నారు, వేళాకోళం చేశారు, అన్నిటికీ ఆవిడ దగ్గర తగిన జవాబులున్నాయి. కానీ పరాయి మనిషితో, అంత మర్యాదగా, ఆవిడ మాటని చెత్తబుట్టలో వెయ్యడం మాత్రం ఇదే మొదలు.

"రద్దు చేసినప్పుడు ఏదో నెంబరు ఇస్తారట. ఉందా?" ఫోన్ పెట్టేసి అడిగారు.

"ఆ ఫోన్‌కాల్ రికార్డయింది. అమ్మాయే పెట్టిచ్చింది, మాట్లాడినవన్నీ వాటంతటవే రికార్డయ్యేట్టు. ఫోన్ నిండిపోతే కంప్యూటర్లోకి ఎక్కించాను."

"ఏ ఫోల్డర్లో?"

ఆవిడ ఒక్క క్షణం తటపటాయించింది. "‘పనికిరానివి’ అని పేరు పెట్టాను."

ఆయన మొహంలో రంగు మారింది. "అది... మొన్న కంప్యూటర్ సర్దినప్పుడు తీసేశానే. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను."

"అయ్యో రాత!"

"నన్నంటావేం? పనికిరానివని రాసింది నువ్వు!"

"పనికిరానివని రాశాను గానీ పారెయ్యమని రాశానా?"

నిజం చెప్పాలంటే ఆ పేరు ఆవిడ తెలివిగానే పెట్టింది. ఫైలుకి మంచి పేరుంటే చాలు, శుభ్రంగారు తెరిచి, పరీక్షించి, సరైన వరసలో పెట్టిగానీ వదలరు. ఎందుకూ కొరగానివంటే ఆయన కన్నెత్తి చూడరనుకుంది. చూడలేదు కూడా. చూడకుండానే తీసేశారు.

"సర్లే," అన్నారాయన, పెద్ద మనసు చేసుకున్నట్టు. "జరిగిందేదో జరిగింది. ఎవరి వల్ల అయితేనేం, కట్టేద్దాం. వదిలెయ్."

"ఎవరి వల్ల అయితేనేమంటే? నేను చెయ్యలేదనేగా మీ ఉద్దేశం?"

"నేనలా అనలేదు."

"నాతో అనలేదు. వాళ్ళతో అన్నారు." ఆవిడ ప్లేటు ఎత్తి పక్కన పెట్టింది. "మీరు డబ్బు కట్టేస్తే నేను అబద్ధం ఆడినట్టే. చిల్లిగవ్వ కట్టడానికి వీల్లేదు. ఆ మాటలు తీసేసింది మీరు, తెచ్చేది నేను."

ఆవిడ కూతురికి ఫోన్ చేసింది. అవతల్నుంచి పకపకా నవ్వు, ఆ వెనకే కంగారు. "అమ్మా, ఆ కంప్యూటర్లో కొత్తగా ఏదీ దాచకండి. తీసేసినవి వెంటనే మాయమైపోవు. పేరు మాత్రం చెరిగిపోతుంది, సరుకు అక్కడే పడి ఉంటుంది. దాని మీద ఇంకోటి వచ్చి కూర్చుంటేనే పోతుంది. నేను ఒక ప్రోగ్రామ్ పంపిస్తా. నీ ఫోన్‌లో నెట్‌తో దింపుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టు, అందులోంచే నడిపించు. దొరికినవి కూడా పెన్‌డ్రైవ్‌లోకే తియ్యి. నాన్నని మాత్రం మౌస్ ముట్టుకోనివ్వకు!"

పెన్‌డ్రైవ్ ఇంట్లో లేదు. ఒకప్పుడు ఉండేది. ఎందుకు లేదో ఎవరూ అడగలేదు. ఆయన చెప్పులేసుకుని కొనుక్కొచ్చారు.

ఆవిడ ప్రోగ్రామ్ నడిపించగానే తెర మీద పచ్చటి గీత నత్తలా పాకడం మొదలుపెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి, ఆ ఫోన్‌కాల్‌లో తను ఇంకేం మాట్లాడిందో. నెంబరు దొరికితే తను గెలుస్తుంది. కానీ నెంబరుతో పాటు వచ్చే మాటలు ఆయన చెవిన పడితే ఆ గెలుపుని ఎక్కడ దాచుకోవాలి? మింగలేక కక్కలేక గీత వంకే చూస్తూ కూర్చుంది.

"మీరు వెళ్ళి పడుకోండి, నేను చూసుకుంటాను."

"పొద్దున్నే పడకేమిటి? నేనూ చూస్తా." కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.

గీత ఆ చివరికి చేరింది. ఫైళ్ళు దొరికాయి, పేర్లు పోయాయి. అన్నీ అంకెలే. ఏది ఏదో తెలియాలంటే ఒక్కొక్కటీ విప్పి వినాలి.

మొదటిది గ్యాస్ డీలరు. సిలిండర్ ఎప్పుడొస్తుందో చెప్పాక కూడా మాట ఆగలేదు. "మీ బాబుకి జ్వరం తగ్గిందా? నీళ్ళు బాగా తాగించండి" అంటోంది ఆవిడ గొంతు. రెండోది కుట్టుపని ఆవిడ. జాకెట్టు కొలతలు రెండు ముక్కల్లో తేలిపోయాయి, మిగిలిందంతా ఆ కుట్టుపని ఆవిడ అత్తగారి మోకాళ్ళ నొప్పులు. ఇంకొకటి ఎవరో పొరబాటున చేసిన ఫోన్. "తప్పు నెంబరండీ... ఫర్లేదు ఫర్లేదు. మీ వైపు వానలు పడుతున్నాయా?"

ఆయన నవ్వారు. "రాంగ్ నెంబర్ వాణ్ణి కూడా వదల్లేదుటే!"

ఆవిడ నవ్వలేదు. ఆయన నవ్వు కూడా సగంలో ఆగింది.

తరవాతి ఫైలు మొదట్లో కంపెనీ పాట. ఆవిడ చప్పున ఆపేసింది.

"అదే! దొరికింది, పెట్టు."

"నేను విని నెంబరు చెబుతాను. మీరు కాసేపు ఆ గదిలోకి వెళ్ళండి."

"ఎందుకు?"

"ఎందుకంటే ఏం చెప్పను? వెళ్ళమన్నాను కాబట్టి."

ఆయన లేవలేదు. వింతగా, కొంచెం భయంగా చూస్తున్నారు. ఇప్పుడు ఈయన్ని పంపేసి నెంబరు తెచ్చి చేతిలో పెడితే, అది నమ్మించడం అవుతుంది గానీ, ఆయన చెవులారా విని నమ్మడం అవదు. ఆవిడ ఊపిరి పీల్చుకుని నొక్కింది.

"రద్దు ఎందుకు చేసుకుంటున్నారో తెలుసుకోవచ్చా మేడమ్?" అవతల ఒక అమ్మాయి గొంతు.

"మా అమ్మాయి ఉద్యోగానికి వెళ్ళిపోయిందమ్మా. ఇంట్లో వాడేవాళ్ళు లేరు."

"ఇంకెవరూ లేరా మేడమ్?"

"నేనున్నాను." చిన్న నవ్వు. "నన్ను లెక్కలోకి రాసుకోకు. మా ఆయన చాలా మంచివారమ్మా, ఏదైనా వాడకపోతే తీసేస్తారంతే. నన్ను ఇంకా తియ్యలేదు, వంట చేస్తున్నాగా." మళ్ళీ నవ్వు. "ఆయన సాయంత్రం వస్తారు. ఏమన్నా ఉందా అంటారు. అంటే కరెంటు బిల్లూ, ఉత్తరాలూ అలాంటివి. ఏం లేదంటాను. అక్కడితో అయిపోతుంది ఆ రోజుకి. నీకు పని ఉందేమో, విసిగిస్తున్నానా?"

"లేదు మేడమ్, చెప్పండి."

"ఏముంది చెప్పడానికి? ఈ మధ్యాహ్నం పూట కొంచెం చప్పుడు ఉండేది, అదీ ఉండదిప్పుడు. అయినా నీకెందుకులే ఇవన్నీ. నువ్వు భోంచేశావా?"

అవతల అమ్మాయి తను చెప్పగలిగిందే చెప్పింది. "మీ రద్దు నెంబరు రాసుకోండి మేడమ్..." అంకెలు వరసగా వినిపించాయి. ఫైలు అయిపోయింది.

ఆవిడ తెర మీంచి చూపు తిప్పలేదు. "రాసుకున్నారా?"

"లేదు."

"మళ్ళీ పెట్టనా?"

"వద్దు," అన్నారు. పెన్ను అందుకుని, "పెట్టు," అన్నారు.

రెండోసారి కూడా మొదటినుంచీ విన్నారు, తల దించుకుని, చేతిలో పెన్ను పట్టుకుని. ఈసారి అంకెలు రాశారు. ఎప్పుడూ ముత్యాల్లా ఉండే ఆయన అంకెలు ఒకదాని మీదొకటి పడ్డాయి.

"పొద్దున ఆ మాట..." అని మొదలుపెట్టారు. లేచి ఫోన్ తీసుకుని, స్పీకర్‌లో పెట్టి, మళ్ళీ ఆవిడ పక్కనే వచ్చి కూర్చున్నారు. ఈసారి పాట ఎంతసేపు వాయించినా విసుక్కోలేదు.

ఎవరో కుర్రవాడు పలికాడు. ఆయన నెంబరు చదివారు. అవతల టకటకమని కీబోర్డు కొట్టిన చప్పుడు.

"ఉంది సార్. రద్దు నమోదైంది. బిల్లుల విభాగానికి చేరలేదు, మా పొరపాటే. మీ మీద పడిన మొత్తం తీసేస్తున్నాను. ఇంకేమైనా సాయం కావాలా సార్?"

"కావాలి బాబూ. ఇందాక మీవాళ్ళతో మాట్లాడినప్పుడు, మా ఆవిడకి తెలీదు, మర్చిపోయుంటుందని అన్నాను. అది రాసుకునే ఉంటారు."

"ఉంది సార్. ‘భార్య మరచి ఉండవచ్చు’ అని ఉంది."

"అది కొట్టెయ్. ఆవిడ చెప్పింది ముమ్మాటికీ నిజం. ఆవిడ చెబుతూనే ఉంది, నేనే వినలేదు. ఆ ఒక్క ఫోన్ గురించే కాదు, చాలా రోజుల్నుంచీ వినలేదు. తప్పు నాది. ఆ మాట రాసుకో."

కుర్రవాడు ఇబ్బందిగా దగ్గాడు. "సారీ సార్, అది రాయడానికి మా దగ్గర చోటు లేదు."

శుభ్రంగారు పక్కకి తిరిగి చూశారు. ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. బల్ల మీద ఆవిడ సగం తాగి వదిలేసిన కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది, ఆయన దాని జోలికి పోలేదు.

"ఫర్లేదులే బాబూ, రాసుకోకపోయినా," అన్నారాయన. "వినాల్సిన మనిషి ఇక్కడే ఉంది. తప్పు నాదే."